కెల్లీని కాల్చిన చేయి ఎవరిది? ఎక్స్-మెన్ ‘డ్రీమ్స్ ఎండ్’ గురించి ఒక సమాధానం

మీరు అడిగిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మార్వెల్ కామిక్స్ వారి ఎక్స్-మెన్ అనే వీరుల కథల్లో ఒకటైన ‘డ్రీమ్స్ ఎండ్’లో సెనేటర్ రాబర్ట్ కెల్లీని చంపాలన్న మిస్టిక్ (ఎవరి రూపమైనా ధరించగల, నీలిరంగు చర్మపు విలన్) కుట్ర విఫలమైనప్పుడు ఆయన చివరికి ఎలా చనిపోయాడు అన్నది మొదటిది. నాలుగు వేర్వేరు పత్రికల్లో ముక్కలుగా వచ్చిన ఆ కథను ఏ వరుసలో చదవాలి అన్నది రెండోది. 1981 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ చదవకుండా ఇది అర్థమవుతుందా అన్నది మూడోది. వరుస సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ముందు ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 388, తరువాత ‘కేబుల్’ 87, ఆ తరువాత ‘బిషప్’ 16, చివరగా ‘ఎక్స్-మెన్’ 108. మిగిలిన రెండింటికీ సమాధానం కొంచెం పొడవైనదే, ఎందుకంటే ఆ రెండూ నిజానికి ఒకే ప్రశ్న. 1981 కథ తెలియకపోయినా సంఘటనలు అర్థమవుతాయి గాని, కెల్లీ చావుకు అర్థమేమిటో మాత్రం తెలియదు.

నేను ఈ కథను తలకిందులుగా చదివినవాణ్ణి. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే రోజుల్లో ఒక కట్టలో ‘కేబుల్’ 87వ సంచిక ఒక్కటే దొరికింది. అది రెండో భాగమని అట్ట మీద చూసినా, మొదటి భాగం ఎక్కడ దొరుకుతుందో తెలియక దాన్నే పదిసార్లు చదివాను. మిగిలిన మూడూ చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. నాలుగూ వరుసగా ఒకే కూర్చుడులో చదివేవారు విషపు వ్యాధి, దీవి మీద దాడి, విమానాలు, పోరాటాల హడావుడిలో దాటిపోయే రెండు మూడు పేజీలను నేను కథ మొత్తానికి కేంద్రంగా చూడగలిగాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మొదలు నుంచి చెప్పాలి. కెల్లీ పాత్ర 1980లో ‘ఎక్స్-మెన్’ (తరువాత ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ అయిన పాత పత్రిక) 135వ సంచికలో వచ్చింది. ఆయన విలన్ కాదు. మ్యూటెంట్లను, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న ఎక్స్-మెన్ లాంటివారిని చూసి భయపడిన, ఆ భయాన్ని చట్టంగా మార్చాలనుకున్న ఒక మర్యాదస్తుడైన రాజకీయవేత్త. 1981 జనవరి, ఫిబ్రవరి తేదీలతో వచ్చిన 141, 142 సంచికల్లో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ కలిసి ఆ భయం ఎక్కడికి దారి తీస్తుందో చూపించారు. 141వ సంచిక అట్టబొమ్మ చూడనివారు ఉండరనుకుంటాను. గోడ మీద అంటించిన ఒక పెద్ద పోస్టరు, దాని మీద మన వీరుల ముఖాలు, ఒక్కో ముఖానికి అడ్డంగా పట్టుబడ్డారనో హతులయ్యారనో ముద్ర, దాని ముందు వెలుగు వలయంలో చిక్కుకొని చెంపలు నెరిసిన వుల్వరిన్, అతని వెనక నడివయసు కేట్ ప్రైడ్. బొమ్మలోని కాలం 2013. ఆ కాలంలో మ్యూటెంట్లను వేటాడే సెంటినెల్ యంత్రాలు అమెరికాను ఏలుతుంటాయి, మ్యూటెంట్లు శిబిరాల్లో మగ్గుతుంటారు.

ఆ దుస్థితికి కారణం ఒక హత్య. 1980 అక్టోబరు 31న వాషింగ్టన్‌లో సెనేట్ విచారణ జరుగుతుండగా మిస్టిక్ నాయకత్వంలోని కొత్త బ్రదర్‌హుడ్ అనే మ్యూటెంట్ల ముఠా కెల్లీని చంపుతుంది. చంపినవారు మ్యూటెంట్లు కాబట్టి దేశం మొత్తం మ్యూటెంట్ల మీదికి తిరుగుతుంది, సెంటినెల్స్ తయారవుతాయి, ఆ యంత్రాలు చివరికి తమను తయారుచేసినవారి చేతుల్లో కూడా ఉండవు. దీన్ని ఆపడానికే కేట్ తన మనసును వెనక్కి, చిన్నప్పటి తన శరీరంలోకి, అంటే పదమూడేళ్ల కిట్టీలోకి పంపిస్తుంది. క్లైమాక్స్‌లో అందరూ వీధుల్లో కొట్టుకుంటుండగా, ఆ ముఠాలోని, కళ్లు కనిపించని డెస్టినీ కెల్లీతో ఒంటరిగా మిగిలి విల్లు ఎక్కుపెడుతుంది. భవిష్యత్తును చూడగలిగిన ఆమెకు, ఆ కాలానికి చెందని కేట్ మాత్రం అంతుపట్టదు. బాణం గురి తప్పుతుంది. కెల్లీ బతుకుతాడు.

అక్కడితో కథ ముగిస్తే అది ఒక మామూలు సాహసకథ అయ్యేది. క్లేర్‌మాంట్, బర్న్ చేసిన గొప్ప పని ఆ తరువాతి పేజీలో ఉంది. మ్యూటెంట్ల వల్లనే ప్రాణం దక్కిన కెల్లీ మారడు. అధ్యక్షుడి గదిలో రహస్య సమావేశం జరుగుతుంది, పారిశ్రామికవేత్త సెబాస్టియన్ షా చేతికి సెంటినెల్స్ తయారీ వెళుతుంది. అంటే హత్య ఆగింది గాని భయం ఆగలేదు. ఈ చేదు ముగింపుకు జవాబు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ జవాబే ‘డ్రీమ్స్ ఎండ్’.

ఇక్కడ మిస్టిక్ ముఠాలోని పైరో గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సెయింట్ జాన్ అల్లర్‌డైస్ అనే ఆస్ట్రేలియన్ రచయిత అతను. నిప్పును పుట్టించలేడు, ఉన్న నిప్పును మాత్రం చెప్పినట్టు ఆడించగలడు. అందుకే వీపు మీద మంటలు చిమ్మే యంత్రం మోసుకొని తిరుగుతాడు. అతను మొట్టమొదట కనిపించింది ఆ 141వ సంచికలోనే, వచ్చింది కెల్లీని చంపడానికే. తరువాత మిస్టిక్ తన ముఠా మొత్తాన్ని ప్రభుత్వానికి అప్పగించి క్షమాభిక్ష కొనుక్కున్నప్పుడు, ఫ్రీడమ్ ఫోర్స్ పేరుతో అతనూ సర్కారు కొలువులో చేరాడు. మ్యూటెంట్లను అణచడానికి చట్టం చేయాలన్న సెనేటరూ, ఆ సెనేటర్‌ను చంపబోయిన మ్యూటెంటూ ఒకే ప్రభుత్వపు రెండు చేతులైన ఆ కాలం మీద ఇంకా మంచి కథలు రావలసింది. ఆ తరువాత అతనికి లెగసీ వైరస్ సోకింది.

ఈ వైరస్ గురించి తెలియకపోతే 2001 కథలో సగం జారిపోతుంది. ఇది కూడా ఒక హత్యాయత్నపు కథ నుంచే పుట్టింది. 1992లో పన్నెండు భాగాలుగా నాలుగు పత్రికల్లో నడిచిన ‘ఎక్స్-క్యూషనర్స్ సాంగ్’లో, మనుషులూ మ్యూటెంట్లూ కలిసి బతకాలని వేదిక మీద ప్రసంగిస్తున్న ఎక్స్-మెన్ గురువు చార్లెస్ జేవియర్‌ను, భవిష్యత్తు నుంచి వచ్చిన సైనికుడు కేబుల్ రూపంలో ఉన్న అతని నకలు స్ట్రైఫ్ కాలుస్తాడు. ఆ కథ చివరలో స్ట్రైఫ్ వదిలిపెట్టి వెళ్లినదే ఈ వ్యాధి. మ్యూటెంట్లను మాత్రమే పట్టే, మందు లేని ఆ జబ్బు 1993లో ఎక్స్-మెన్‌లో ఒకడైన కొలోసస్ చెల్లెలు ఇల్యానాను బలి తీసుకుంది. ఎయిడ్స్ భయం అలుముకొని ఉన్న కాలంలో ఒక సమూహానికి మాత్రమే వచ్చే జబ్బు, దాని పట్ల మిగతావారి నిర్లక్ష్యం అనే పోలిక అప్పటి పాఠకులకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. తరువాత స్కాట్లాండ్ తీరంలోని మ్యూర్ దీవిలో ఆ వ్యాధి మీద పరిశోధిస్తున్న మోయిరా మాక్‌టాగర్ట్‌కు కూడా అది సోకింది. మామూలు మనిషికి సోకడం అదే మొదటిసారి అని అప్పట్లో చెప్పారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు ‘డ్రీమ్స్ ఎండ్’. 2001 జనవరి తేదీతో ఉన్నా, ఆ సంచికలు అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 2000 చివరలో, అంటే అక్కడ అధ్యక్ష ఎన్నికల వేడి నడుస్తున్న కాలంలో. కథలో కెల్లీ కూడా అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నాడు. ఆయన ప్రచారానికి పునాది మ్యూటెంట్ల పట్ల భయమే. మిస్టిక్ రెండు వైపుల నుంచి దెబ్బ కొట్టాలనుకుంటుంది. ఒకవైపు మ్యూర్ దీవిని ఆక్రమించి, లెగసీ వైరస్‌ను మామూలు మనుషులను పట్టే విధంగా మార్చాలి. మరోవైపు తన మనుషుల చేత కెల్లీని చంపించాలి. ఎక్స్-మెన్ కూడా రెండుగా చీలి, కొందరు దీవికి వెళతారు; కెల్లీని కాపాడే బాధ్యత కేబుల్ మీద పడుతుంది. వైరస్ పుట్టుకకు కారణమైన స్ట్రైఫ్ ముఖం కేబుల్ ముఖమే అన్నది, ఒకనాడు ఆ ముఖంతోనే జేవియర్ మీద కాల్పులు జరిగాయన్నది గుర్తున్నవారికి ఈ నియామకం మరో రకంగా గుచ్చుకుంటుంది.

నేను ముందు చెప్పిన రెండు మూడు పేజీలు రాబర్ట్ వైన్‌బర్గ్ రాసిన ‘కేబుల్’ 87లో ఉన్నాయి. జబ్బుతో చివరి దశకు చేరిన పైరో, తన పాత ముఠాయే కెల్లీ మీదికి వస్తోందని తెలిసి అడ్డం పడతాడు. బ్రదర్‌హుడ్ తరఫున వచ్చిన పోస్ట్ అనే భారీకాయుడు కెల్లీని ముగించబోయే క్షణంలో, తన అదుపులో లేకుండా పోతున్న శక్తినంతా కూడగట్టి అతణ్ణి ఆపుతాడు. ఆ ప్రయత్నమే పైరోను పూర్తిగా హరిస్తుంది. నేల మీద పడి ఉన్న ఆ మనిషి పక్కన కెల్లీ ఉంటాడు. పైరో కోరేది ఒక్కటే: ఈ ద్వేషాన్ని ఇక ఆపమని. ఇరవై ఏళ్ల కిందట ఇదే మనిషి తనను చంపడానికి వచ్చాడని కెల్లీకి తెలుసు, మనకూ తెలుసు. 1981లో ప్రాణం కాపాడినందుకు మారని కెల్లీ, ఇప్పుడు ఎందుకు మారాడంటే, అప్పుడు కాపాడినవారు ఆయన దృష్టిలో వీరులు, బలవంతులు, అందువల్ల భయపెట్టేవారు. ఇప్పుడు కాపాడినవాడు రోగి, నేరస్థుడు, ఏ లాభమూ ఆశించే స్థితిలో లేనివాడు. రచయిత ఈ తేడాను పాత్రల నోట చెప్పించలేదు, అదే ఆ సన్నివేశానికి బలం.

అసలు ప్రశ్నకు ఇక్కడికి చేరాం. మిస్టిక్ కుట్ర ఓడిపోయింది. కెల్లీ మనసు మార్చుకొని, మ్యూటెంట్లతో కలిసి బతకడం గురించి బహిరంగంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ‘ఎక్స్-మెన్’ 108లో, సభలో ప్రజల ముందు ఉన్న ఆయనను ఒక మామూలు మనిషి తుపాకీతో కాల్చి చంపుతాడు. అతనికి ఏ శక్తులూ లేవు, ఏ ముఠాతోనూ సంబంధం లేదు. మ్యూటెంట్లంటే ద్వేషం ఉన్నవాడు, అంటే నిన్నటిదాకా కెల్లీ ప్రసంగాలకు చప్పట్లు కొట్టినవారిలో ఒకడు. నాయకుడు మాట మార్చాడు, మనకు ద్రోహం చేశాడు అన్నదే అతని కారణం.

కాపలా ఎందుకు విఫలమైందని చాలామంది అడుగుతారు. కేబుల్ లాంటి భవిష్యత్తు సైనికుడు ఉండగా ఒక పిస్తోలు ఎలా దగ్గరికి రాగలిగింది అని. నన్నడిగితే కథలో లోపం కాదది, కథాంశమే అది. కాపలాదారులందరూ శత్రువు ఏ దిక్కు నుంచి వస్తాడని అనుకున్నారో ఆ దిక్కుకే చూస్తున్నారు. నీలిరంగు చర్మం, మంటలు, భూకంపాలు రావచ్చని సిద్ధపడినవారికి సొంత జనంలోని ఒక మనిషి కనిపించడు. చరిత్ర ఎరిగిన పాఠకుడికి ఇది కొత్త కాదు. 1948 జనవరి 30న గాంధీజీని, 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగించుకొని బయటికి వస్తున్న ఇట్జాక్ రాబిన్‌ను కాల్చింది ఎదుటి పక్షంవాళ్లు కాదు, తమ పక్షాన్ని వదులుకున్నారని కోపగించిన సొంతవాళ్లే.

1981 కథ చదివి ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. ఆ కథ ప్రకారం కెల్లీ హత్య జరిగితే నరకం వస్తుంది. 2001లో హత్య జరిగింది, మరి నరకం రాలేదేం? ఎందుకంటే అప్పుడు చరిత్రను మలుపు తిప్పింది కెల్లీ శవం కాదు, ఆయనను చంపిన చేయి. మ్యూటెంట్ చంపితే కెల్లీ సెంటినెల్స్‌కు అమరవీరుడవుతాడు. మ్యూటెంట్లను ద్వేషించే మనిషి చంపితే ఆయన ఎవరి అమరవీరుడు? ఏ పక్షానికీ పూర్తిగా పనికిరాని చావు అది. మిస్టిక్‌కు కావలసిన ఫలితం దక్కింది గాని, దానివల్ల ఆమెకు ఒరిగినదేమీ లేదు. ఒకే మనిషి మీద రెండుసార్లు గురి పెట్టిన కథల్లో హంతకుడు మారగానే హత్యకు రాజకీయార్థం ఎలా తిరగబడుతుందో ఇంత స్పష్టంగా చూపిన జంట ఈ తరహా కామిక్స్‌లో నాకు మరొకటి తగలలేదు. సినిమాలు చూసి వచ్చినవారు మాత్రం ఒక సంగతి గమనించాలి: 2000 జూలైలో విడుదలైన మొదటి ఎక్స్-మెన్ సినిమాలో కెల్లీ చావు వేరు, నీరుగా కరిగిపోతాడు, 2014 సినిమాలోనైతే గురి కెల్లీ మీద కాదు, 1973లో సెంటినెల్స్ తయారుచేసిన బొలివర్ ట్రాస్క్ మీద. ఆ జ్ఞాపకాలతో ఈ కథలోకి రాకండి.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచిపెట్టడం న్యాయం కాదు. క్రాస్ఓవర్‌గా, అంటే పలు పత్రికల్లో నడిచే ఒకే కథగా ఇది సాఫీగా అతకలేదు. మొదటి, చివరి భాగాలు క్లేర్‌మాంట్‌వి, రెండోది వైన్‌బర్గ్‌ది, మూడోది జోసెఫ్ హ్యారిస్‌ది. ముగ్గురి గొంతులూ మూడు రకాలు. ‘బిషప్’ పత్రికకు ఆ 16వ సంచికే ఆఖరిది; సొంత కథ ముగించుకోవలసిన చోట ఇంకొకరి కథకు వంతెనగా మిగిలిపోవడం ఆ పాత్రకు అన్యాయమే. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, మోయిరా మరణమూ కెల్లీ మరణమూ ఒకే సంచికలో పడటం. మ్యూర్ దీవి పేలుడులో తీవ్రంగా గాయపడిన మోయిరా, ప్రాణం పోయేలోపు తాను కనుగొన్న విరుగుడు కీలకాన్ని జేవియర్ మనసుకు చేరవేస్తుంది. 1975 నుంచి మనతో ఉన్న పాత్ర, జేవియర్ ఒకప్పుడు పెళ్లాడాలనుకున్న మనిషి. ఆ దుఃఖానికి కావలసిన నిదానం దొరకకముందే తుపాకీ పేలుతుంది. రెండు చావుల్లో ఏ ఒక్కదానికీ ఊపిరి పీల్చే చోటు లేదు. 2000లో తిరిగి వచ్చిన క్లేర్‌మాంట్ ఆ రెండు ప్రధాన పత్రికలనూ ఏడాది తిరక్కుండానే వదలవలసి వచ్చిందన్న సంగతి తెలిసినవారికి ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

మోయిరా అందించిన విరుగుడు కథ స్కాట్ లాబ్డెల్ రాసిన ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 390లో ముగుస్తుంది. మందు పనిచేయాలంటే దాన్ని మొదట ఎక్కించుకున్న మ్యూటెంట్ ప్రాణం పోవాలని తెలిసి, చెల్లెలిని ఆ జబ్బుకే పోగొట్టుకున్న కొలోసస్ రాత్రి పూట ఎవరికీ చెప్పకుండా ఆ పని చేస్తాడు. నాలుగు భాగాలు చదివాక ఈ సంచికను కూడా కలుపుకొని చదవండి. అట్ట మీద ఆ పేరు లేకపోయినా నిజమైన ఐదో భాగం ఇదే.

ఇక మోయిరా గురించి మళ్లీ వస్తానన్నాను. 2019లో జొనాథన్ హిక్‌మన్ రాసిన ‘హౌస్ ఆఫ్ ఎక్స్’ రెండో సంచికలో మోయిరా అసలు మనిషే కాదని, చనిపోయిన ప్రతిసారీ అదే జీవితాన్ని మొదటి నుంచి తిరిగి బతికే మ్యూటెంట్ అని తేలింది. 2001లో చనిపోయింది నిజమైన మోయిరా కాదని, ఆ చావు నటన అని కూడా ఆ కథల్లోనే చెప్పారు. మామూలు మనిషికి వైరస్ ఎలా సోకిందన్న పాత చిక్కు దీనితో విడిపోయిన మాట నిజమే గాని, జేవియర్ కన్నీళ్ల పేజీలు ఇక మునుపటిలా చదవలేము. పాత కథను కొత్త కథ ఇలా వెనక్కి వచ్చి తవ్వడం నాకు నచ్చదు. నచ్చేవారూ చాలామంది ఉన్నారు. మీరు మొదటిసారి చదువుతున్నారు కాబట్టి, 2019 సంగతి ఇప్పుడు నా వల్ల తెలిసిపోయినా, పక్కన పెట్టి 2001 పాఠకుడిలాగే చదవండి. పైరో, కొలోసస్ కూడా తరువాతి సంవత్సరాల్లో తిరిగి వచ్చారు, ఆ సంగతీ అంతే.

కొనడం విషయంలో నా సలహా ఇది. ముందు 141, 142 చదవండి. అవి ఎన్నో సంకలనాల్లో ఉన్నాయి, దొరకడం కష్టం కాదు. ‘ఎక్స్-క్యూషనర్స్ సాంగ్’ పన్నెండు భాగాలూ చదివే ఓపిక లేకపోతే, జేవియర్ మీద కాల్పులు జరిగే మొదటి భాగం, అంటే ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ 294 చాలు. తరువాత పైన చెప్పిన వరుసలో నాలుగూ, వాటి వెనక 390. విడి సంచికలే కొంటుంటే నాలుగూ ఒకేచోట దొరికేదాకా ఆగనక్కరలేదు. ‘కేబుల్’ 87 ముందు దొరికితే అదే తీసుకోండి, నాలాగే నడిమధ్య నుంచి మొదలుపెట్టండి. పైరో నేల మీద పడి ఉన్న పేజీ వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి ఆగి, 142లో డెస్టినీ విల్లు ఎక్కుపెట్టిన పేజీని పక్కన తెరిచి పెట్టుకొని చూడండి.